నల్గొండ, పాలమూరు నుంచి డాలస్‌కు: దూరం, విమాన సమయం, ఇంటి నుంచి ఇంటికి పట్టే గంటలు లెక్కగట్టే పద్ధతి

హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరమని ఫోన్‌లో అడిగితే సుమారు 14,400 కిలోమీటర్లు అని వస్తుంది. ఎన్ని గంటలని అడిగితే ఒకచోట 17 అంటుంది, ఇంకోచోట 23 అంటుంది, మరోచోట 30 దాటుతుంది. చేతిలో ఉన్న టికెట్ చూస్తేనేమో తెల్లవారుజామున 4:20కి ఎక్కి అదే తారీఖు సాయంత్రం 5:15కి దిగుతారని ఉంటుంది. అంటే పదమూడు గంటలేనా అనిపిస్తుంది. వీటిలో తప్పు ఏదీ లేదు. కాకపోతే ఒక్కో అంకె ఒక్కో సంగతి చెబుతోంది, మనకు కావలసిన సంగతి మాత్రం వాటిలో ఏదీ చెప్పడం లేదు.

బిడ్డ కాన్పుకనో, కొడుకు గృహప్రవేశానికనో మొదటిసారి విమానం ఎక్కే తల్లిదండ్రులకు కావలసింది వేరు. ఇంట్లోంచి ఏ తారీఖున, ఎన్ని గంటలకు కదలాలి? అక్కడ బిడ్డ ఇంటి గడపలో ఎప్పుడు అడుగుపెడతారు? మధ్యలో ఎక్కడ, ఎంతసేపు కూర్చోవాలి? మా చుట్టాల్లో ఎవరు ప్రయాణం పెట్టుకున్నా టికెట్ నా దగ్గరికి పంపిస్తారు. నేను ఒక తెల్ల కాగితం తీసుకుని మొత్తం ప్రయాణాన్ని మన గడియారంలోకి మార్చి రాసిస్తాను. టెన్షన్‌లో సగం అక్కడే పోతుంది. ఆ కాగితం మీరే రాసుకునేలా ఇక్కడ చెబుతాను. నేను డాలస్ తీసుకున్నాను. పద్ధతి మాత్రం లండన్‌కైనా, దుబాయ్‌కైనా, సిడ్నీకైనా ఇదే.

1. ముందు రెండు విమానాశ్రయాలు ఖాయం చేసుకోండి

ఊరి పేరుతో వెతికితే పొరపాటు జరగొచ్చు. డాలస్‌లో పెద్ద విమానాశ్రయాలు రెండున్నాయి. మనవాళ్లు దిగేది డాలస్ ఫోర్ట్‌వర్త్, దాని కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. రెండోది లవ్ ఫీల్డ్, కోడ్ డీఏఎల్. దేశం లోపల తిరిగే విమానాలు అక్కడ ఎక్కువ. మన వైపు ఆ చిక్కు లేదు. శంషాబాద్ రాజీవ్ గాంధీ విమానాశ్రయం ఒక్కటే, కోడ్ హెచ్‌వైడీ, 2008 నుంచి నడుస్తోంది. దూరం, గంటలు, టికెట్ ఏది వెతికినా ఈ మూడక్షరాల కోడ్‌లతోనే వెతకండి.

2. దూరం: గోడమీది పటం కాదు, గుండ్రటి గ్లోబు చూడండి

గోడమీది ప్రపంచ పటంలో హైదరాబాద్ నుంచి డాలస్‌కు స్కేలు పెడితే గీత అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతుంది. అది దగ్గరి దారి కాదు. గుండ్రంగా ఉన్న భూమిని చదరంగా పరిచినప్పుడు దూరాలు సాగిపోతాయి.

పిల్లల గ్లోబు ఒకటి, దారం ముక్క ఒకటి తీసుకోండి. ముందు దారాన్ని భూమధ్యరేఖ చుట్టూ ఒకసారి తిప్పి పొడవు కొలవండి. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. గ్లోబు అడ్డంగా 30 సెంటీమీటర్లుంటే దాని చుట్టుకొలత 94 సెంటీమీటర్లు వస్తుంది, అంటే ఒక సెంటీమీటరు దాదాపు 425 కిలోమీటర్లు. ఇప్పుడు దారం ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమరకు పోదు. నేరుగా ఉత్తరానికి తిరుగుతుంది! హిమాలయాలు దాటి, కజకిస్తాన్, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువానికి చాలా దగ్గరగా పోయి, కెనడా మీదుగా టెక్సాస్‌లోకి దిగుతుంది. పొడవు 34 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. 425తో గుణిస్తే 14,450. ఫోన్ చెప్పిన 14,400కూ దీనికీ పెద్ద తేడా లేదు. మనవళ్లతో కలిసి ఒకసారి చేసి చూడండి, ఆ దూరం ఏమిటో కళ్లకు కడుతుంది.

అయితే మనం ఆ దారం వెంట పోము. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాలి. కాబట్టి దూరాన్ని ముక్కలుగా చూడాలి. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ సుమారు 12,900, మొత్తం 15,450. అదే లండన్ మీదుగా పోతే 7,750, ఆపైన 7,600, మొత్తం 15,350. రెండు దారులూ దాదాపు సమానం. నేరు దూరం కంటే ఎక్కువయ్యేది వెయ్యి కిలోమీటర్లే, విమానానికి అది గంట పని. అందుకని టికెట్ కొనేటప్పుడు ఏ దారి దగ్గర అని తల బద్దలు కొట్టుకోవద్దు. తేడా అంతా మధ్యలో ఎన్ని గంటలు కూర్చోబెడతారన్న దాంట్లోనే ఉంటుంది.

విమానం నిజంగా ఎగిరే దారి దీనికన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది. గాలివాటం చూసి దారి మారుస్తారు. కొన్ని దేశాల ఆకాశం మూసి ఉంటుంది. 2022 నుంచి అమెరికా, ఐరోపా కంపెనీల విమానాలు రష్యా మీదుగా పోవడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన దేశ విమానాలకు తన ఆకాశం మూసింది, దాంతో ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. అందుకే పాత టికెట్‌లోని గంటలు చూసి కొత్త ప్రయాణం లెక్క వేయకూడదు.

ఇంకో చిన్న సంగతి. కొన్ని చోట్ల దూరం మైళ్లలో ఉంటుంది. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, విమానాల వాళ్లు వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఏ మైలో చూసి గుణించండి.

3. విమాన సమయం: 850తో భాగించి అరగంట కలపండి

పెద్ద విమానం పైకి చేరాక గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు నెమ్మది. కాబట్టి దూరాన్ని 850తో భాగించి, విమానం నేలమీద నడవడం, పైకి లేవడం, కిందికి దిగడం కింద అరగంట కలిపితే అసలుకు దగ్గరి అంకె వస్తుంది. దుబాయ్‌కి 2,550ని 850తో భాగిస్తే 3, అరగంటతో మూడున్నర. డాలస్‌కు 12,900ని భాగిస్తే 15 గంటల 10 నిమిషాలు, అరగంటతో 15:40.

టికెట్‌లో మాత్రం దుబాయ్‌కి పోయేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర అని ఉంటుంది. కారణం గాలి. నేలకు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది, దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. పడమరకు పోతుంటే అది ఎదురుగాలి, ఇంటికి తిరిగొస్తుంటే వెనకగాలి. దుబాయ్–డాలస్ పోయేటప్పుడు 16 గంటలు దాటితే, వచ్చేటప్పుడు 14, 15 గంటల మధ్య అవుతుంది. మీ లెక్కకూ టికెట్‌కూ ఈ మాత్రం తేడా ఉంటే కంగారు పడొద్దు. తేడా రెండు గంటలు దాటితే మాత్రం మధ్యలో ఇంకో ఊళ్లో దిగుతుందేమో టికెట్ మళ్లీ చదవండి.

4. గడియారాల తేడా

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. శంషాబాద్‌లో ఎక్కే సమయం మనది, దుబాయ్‌లో దిగే సమయం దుబాయ్‌ది, డాలస్‌లో దిగే సమయం డాలస్‌ది. పదమూడు గంటల భ్రమ ఇక్కడే పుడుతుంది.

దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, ఏడాదంతా అంతే. డాలస్ అలా కాదు. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. అందుకని వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు మనకంటే వెనక ఉంటుంది. లండన్‌కు కూడా ఈ అలవాటు ఉంది. వేసవిలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర.

డాలస్‌కు మనసులో వేసుకునే లెక్క సులువు. మన సమయానికి వేసవిలో గంటన్నర, చలికాలంలో అరగంట కలిపి, పొద్దున అయితే రాత్రి, రాత్రి అయితే పొద్దున చేయండి. మనకు పొద్దున ఏడైతే వేసవిలో వాళ్లకు ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర. ఫోన్ చేసే ముందు కూడా ఇదే లెక్క పనికొస్తుంది.

5. తెల్ల కాగితం: మొత్తం మన టైములో

ఇప్పుడు అసలు పని. ఆగస్టు 14 టికెట్ ఒకటి అనుకుందాం.

శంషాబాద్‌లో 04:20కి ఎక్కాలి. నాలుగు గంటల ప్రయాణం, మన గడియారంలో 8:20. టికెట్‌లో దుబాయ్ 06:50 అని ఉంటుంది, గంటన్నర తీసేశారు కాబట్టి. అక్కడ 10:00కి రెండో విమానం, మన టైము 11:30. అంటే మధ్యలో 3 గంటల 10 నిమిషాలు. డాలస్‌కు 16 గంటల 15 నిమిషాలు. 11:30కి కలిపితే మన గడియారంలో 15వ తారీఖు తెల్లవారుజామున 3:45. దాంట్లోంచి పదిన్నర గంటలు తీసేస్తే 14 సాయంత్రం 5:15. టికెట్‌తో సరిపోయింది.

మొత్తం 23 గంటల 25 నిమిషాలు. కాగితం మీద రాయవలసింది ఇదీ:

14 తెల్లవారుజామున 4:20 – శంషాబాద్
14 పొద్దున 8:20 – దుబాయ్‌లో దిగడం
14 పొద్దున 11:30 – దుబాయ్‌లో ఎక్కడం
15 తెల్లవారుజామున 3:45 – డాలస్‌లో దిగడం

ఎడమ పక్కన అన్నీ మన టైములే. వీటి పక్కనే బ్రాకెట్లో ఆ ఊరి టైము కూడా రాస్తే ఎయిర్‌పోర్ట్ బోర్డు చూసేటప్పుడు అక్కరకొస్తుంది. ఒక కాపీ ప్రయాణం చేసేవాళ్ల జేబులో, ఒక కాపీ ఇంట్లో ఫ్రిజ్ మీద. ఇంట్లో ఉన్నవాళ్లకు కూడా ఇప్పుడు అమ్మ ఎక్కడుందో తెలుస్తుంది, దుబాయ్‌లో దిగకముందే ఫోన్ కలవడం లేదని బెంగపెట్టుకోరు.

6. తారీఖు: అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు

మన లెక్కలో పొద్దు పొడిస్తేనే కొత్త రోజు. పంచాంగం కూడా సూర్యోదయం నుంచే చూస్తాం. రాత్రి రెండింటికి జరిగినదాన్ని "నిన్న రాత్రి" అనే అంటాం. విమానాల వాళ్లకు మాత్రం రాత్రి పన్నెండు దాటగానే తారీఖు మారిపోతుంది. హైదరాబాద్ నుంచి గల్ఫ్ వైపు పోయే విమానాలు చాలానే అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందే ఉంటాయి. కాబట్టి టికెట్‌లో 14 అని ఉంటే ఇంట్లోంచి కదలాల్సింది 13 రాత్రి. 14 పొద్దంతా సర్దుకుని ఆ రాత్రి బయలుదేరితే, విమానం వెళ్లిపోయి పద్దెనిమిది గంటలు దాటి ఉంటుంది.

ఇది ఎవరికైనా జరగగల పొరపాటు, డబ్బు మళ్లీ రాదు. అందుకే కాగితం పైన పెద్ద అక్షరాలతో "13వ తారీఖు, బుధవారం రాత్రి, 10:30కి ఇంటి నుంచి" అని తారీఖు, వారం, పూట మూడూ రాయండి. మీ ఏడాది క్యాలెండర్ చూసి వారం సరిచూడండి. టికెట్‌లో 00:10 అని ఉంటే మరీ జాగ్రత్త. 14వ తారీఖు 00:10 అంటే 13 రాత్రి పన్నెండు దాటి పది నిమిషాలు.

మంచి ఘడియ చూసుకునేవాళ్లు ఆ ఘడియలో ఒక బ్యాగు గడప దాటించి పక్కింట్లో పెట్టుకుంటే సరిపోతుంది. కారు కదిలే గంట మాత్రం మార్చొద్దు.

7. ఇంటి నుంచి శంషాబాద్

విదేశీ విమానానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. పెద్దవాళ్లు, మొదటిసారి పోయేవాళ్లు, వీల్‌చెయిర్ అడిగినవాళ్లు ఇంకో అరగంట, ముప్పావుగంట ముందుంటే నెమ్మదిగా పని అవుతుంది. చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు.

మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ సుమారు 80 కిలోమీటర్లు. గంటన్నర చాలు, రాత్రిపూట రెండు గంటలు వేసుకోండి. పాలమూరు వాళ్లకు ఇది పెద్ద సౌకర్యం, సిటీలోకి పోనక్కరలేదు. గద్వాల, వనపర్తి వాళ్లు కూడా ఇదే 44వ నంబరు రోడ్డు ఎక్కుతారు, గద్వాల వాళ్లు మూడు గంటలు చూసుకోవాలి. కల్వకుర్తి, అచ్చంపేట వాళ్లకు శ్రీశైలం రోడ్డు మీద ఆమనగల్లు, కడ్తాల్ దాటి తుక్కుగూడ దగ్గర.

నల్గొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే మొత్తం 120 కిలోమీటర్ల లోపు. రెండున్నర గంటలు పెట్టుకోండి. సంక్రాంతి తర్వాత రెండు మూడు రోజులు ఇదే రోడ్డు మీద హైదరాబాద్ వైపు వాహనాలు బారులు తీరతాయి, పంతంగి టోల్ దగ్గరే చాలాసేపు పడుతుంది. ఆ రోజుల్లో ప్రయాణమైతే ఇంకో రెండు గంటలు ముందు కదలండి.

కారు లేనివాళ్లు నల్గొండ బస్సులో ఎల్‌బీ నగర్ దాకా పోయి అక్కడ ఎయిర్‌పోర్ట్ పుష్పక్ బస్సు ఎక్కవచ్చు. మహబూబ్‌నగర్ బస్సు శంషాబాద్ ఊరి దగ్గర దింపుతుంది, టెర్మినల్ దాకా ఆటోనో క్యాబో మాట్లాడుకోవాలి. రెండు పెద్ద పెట్టెలతో అర్ధరాత్రి ఇది కష్టం. నా మాట వింటే ఈ ఒక్క రాత్రికి బండి మాట్లాడుకోండి.

మన ఉదాహరణలో మహబూబ్‌నగర్ నుంచి 13 రాత్రి 10:30కి కదిలారు. డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ (పాస్‌పోర్టు, వీసా తనిఖీ), పెట్టెలు తీసుకోవడం కలిపి రెండు గంటలు, అక్కడి నుంచి ఫ్రిస్కోలో బిడ్డ ఇంటికి ముప్పావుగంట వేసుకుందాం. గడప దాటే వేళకు మన గడియారంలో 15 పొద్దున 6:30, ఊళ్లో పిల్లలు జెండా పండుగకు తయారవుతూ ఉంటారు. డాలస్‌లో ఇంకా 14 రాత్రి ఎనిమిది. ఇంటి నుంచి ఇంటికి సరిగ్గా 32 గంటలు. అల్లుడు సెలవు పెట్టడానికైనా, మీరు మందులు, తిండి సర్దుకోవడానికైనా ఈ 32నే పట్టుకోండి.

8. మధ్యలో ఎంతసేపు ఆగాలి

రెండున్నర నుంచి నాలుగు గంటలు మంచిది. గంటన్నర కంటే తక్కువుంటే టికెట్ ఎంత చవకైనా పెద్దవాళ్లకు వద్దు. ఒకే టికెట్‌లో రెండు విమానాలూ ఉండాలి. అప్పుడే మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే కంపెనీయే వేరే విమానం చూస్తుంది. విడివిడిగా కొన్న టికెట్లకు ఆ బాధ్యత ఉండదు.

డాలస్‌కు ముందు అమెరికాలోనే ఇంకో ఊళ్లో మారాల్సి ఉంటే, మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. దానికి కనీసం మూడు గంటలు కావాలి. అబుదాబి దారి వేరు. అక్కడ అమెరికా అధికారుల తనిఖీ విమానం ఎక్కకముందే అయిపోతుంది. కాబట్టి ఎక్కువ సమయం అబుదాబిలో ఉండేలా చూసుకోవాలి. ఐరోపా మీదుగా పోయేవాళ్లు ట్రాన్సిట్ వీసా (మధ్యలో విమానం మారడానికి అడిగే వీసా) కావాలేమో టికెట్ కొనకముందే తేల్చుకోండి.

9. మందులు, నిద్ర

షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు పడమర ప్రయాణంలో రోజు పదిన్నర గంటలు సాగుతుంది. "రాత్రి భోజనం తర్వాత" అని రాసిన మాత్ర ఏ రాత్రికి వేసుకోవాలో తెలియక కొందరు రెండుసార్లు వేసుకుంటారు, కొందరు మానేస్తారు. ఆ తెల్ల కాగితాన్ని డాక్టర్‌కు చూపించి, ఏ మాత్ర మన టైము ప్రకారం ఎన్నింటికో పక్కనే రాయించుకోండి. చేతికి పాత గడియారం ఒకటి మన టైములోనే ఉంచి పెట్టుకుంటే ఇంకా సులువు. మందులు, ఇన్సులిన్, ప్రిస్క్రిప్షన్ చేతి బ్యాగులోనే ఉండాలి. కింద వేసే పెట్టెలో వద్దు.

పదహారు గంటలు ఒకేచోట కూర్చుంటే కాళ్లు వాస్తాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుంది. రెండు గంటలకోసారి లేచి నడవాలి, నీళ్లు తాగుతుండాలి. చేరాక నిద్ర కుదురుకోవడానికి వారం పైనే పడుతుంది. పగలు ఎండలో తిరిగితే తొందరగా సర్దుకుంటుంది.

10. తిరుగు ప్రయాణం, తీసుకురావడానికి పోయేవాళ్లు

తిరిగొచ్చేటప్పుడు కాలం ఎదురు దిశలో ముడుచుకుపోతుంది. టికెట్‌లో సమయం పక్కన +2 అని ఉంటే రెండు తారీఖులు మారినట్టు. జనవరి 10 రాత్రి 8:30కి డాలస్‌లో ఎక్కారనుకోండి. చలికాలం కాబట్టి మన టైము 11 పొద్దున 8:00. పద్నాలుగున్నర గంటలకు దుబాయ్, అక్కడ రెండుంపావు గంటలు ఆగి, మూడున్నర గంటల్లో శంషాబాద్. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. దిగేది 12వ తారీఖు తెల్లవారుజామున 4:15. తీసుకురావడానికి కదలాల్సింది 11 రాత్రి పన్నెండు దాటాక, అంటే తారీఖు 12 అయ్యాక.

ముందే పోయి బయట చలిలో నిలబడాల్సిన పని లేదు. ఫోన్‌లో విమానం నంబరు కొట్టి, దుబాయ్‌లో లేచిందో లేదో చూడండి. ఈ ఉదాహరణలో అది మన టైము రాత్రి 12:45. లేచిందని చూశాక ఇంకా మూడున్నర గంటలుంది. దిగాక ఇమిగ్రేషన్, పెట్టెలకు గంట పడుతుంది. మహబూబ్‌నగర్ నుంచైనా, నల్గొండ నుంచైనా రెండున్నరకు బండి తీస్తే చాలు.

సంక్రాంతి ముందు రోజులు కాబట్టి నల్గొండ వాళ్లు తిరుగు దారి కూడా ఆలోచించుకోవాలి. తెల్లారేసరికి విజయవాడ రోడ్డు మీద హైదరాబాద్ ఖాళీ అవుతున్నట్టు వాహనాలుంటాయి. ముప్పై గంటల ప్రయాణం చేసి వచ్చిన మనుషులను చౌటుప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో కూర్చోబెట్టకుండా, బొంగులూరు దగ్గర ఔటర్ దిగి ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా సాగర్ రోడ్డు పట్టుకోండి.